తీగ ఆసీనమై ఉన్నదా?

ఆ ఇంట్లో అందరూ ఆమెను పండితమ్మ అనేవారు. పేరు పెట్టింది అత్తగారు. అందులో గౌరవం పాలెంత, వెటకారం పాలెంత అని ఆమె కొన్నాళ్ళు ఆలోచించి, తేలిన సంగతి తనకు నచ్చక ఆలోచించడం మానేసింది. అయినా తప్పు తనదే. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు "ఇవాళ ఒంట్లో నీరసంగా ఉందే" అంటూ కూలబడితే, కాసిని మంచినీళ్ళు ఇవ్వడం మాని, "నీరసమంటే రసం లేకపోవడం అత్తయ్యా, మీకున్నది నిస్సత్తువ" అని దిద్దింది. అత్తగారు లేచి తన నీళ్ళు తనే ముంచుకుని తాగి, గ్లాసు కింద పెట్టేలోపు కోడలికి పేరు పెట్టేసింది.

చేసే పని కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేది. యంత్రాలతో పాటు అట్టపెట్టెల్లో వచ్చే సూచనల పుస్తకాలను ఆమె తెలుగులోకి మారుస్తుంది. హాల్లో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన తలగడల్లాంటి నిఘంటువులు. "మా కోడలు పుస్తకాలు రాస్తుంది" అని అత్తగారు పక్కింటావిడతో గొప్పగా చెప్పేది. "ఏం పుస్తకాలండీ?" అని ఆవిడ అడిగితే మాత్రం గొంతు కాస్త తగ్గించి, "మొన్న గీజరుది రాసింది" అనేది.

ఆ పుస్తకాలను ఎవరైనా చదువుతారేమోనన్న అనుమానం పండితమ్మకు ఎన్నడూ రాలేదు. తన ఇంట్లోనే ఏ వస్తువు కొన్నా ముందుగా ఆ పుస్తకాన్ని తీసి సొరుగులో పడేసేవారు. చదివేవాళ్ళు లేరని తెలిశాక రాసేవాళ్ళకు వచ్చే ధైర్యమే వేరు. మీట నొక్కండి అంటే సరిపోయే చోట "గుళికను పీడించండి" అని రాసింది. దీపం మిణుకుమిణుకుమంటుంటే "నిమీలనోన్మీలనములు" అంది. అలాంటి వాక్యం ఒకటి పడ్డాక కుర్చీలో వెనక్కి వాలి, దాన్ని పైకి చదువుకుని, తన భుజం తనే తట్టుకునేది.

ఆవేళ ఆ ఇంట్లో పెద్ద విశేషం ఉంది. అత్తగారూ, ఆవిడ చెల్లెలూ చాలా ఏళ్ళ తర్వాత మాట్లాడుకోబోతున్నారు. బంధువుల పెళ్ళిలో అందరూ బతిమాలితే చెల్లెలు పాట ఎత్తుకుంది. రెండో చరణానికి వచ్చేసరికి అక్కగారు నిండు సభలో "ఇక చాల్లేవే, జనం భోజనాలు చెయ్యాలి" అంది. చెల్లెలు నోరు మూసింది. అక్కతో మాత్రం మళ్ళీ తెరవలేదు. పండితమ్మ భర్త కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఎదుటివాళ్ళ చూపు సరిచెయ్యడమే వృత్తి కాబట్టి, అమ్మకూ పిన్నికీ మధ్య తిరిగి తిరిగి, చివరికి ఇద్దరినీ ఒప్పించాడు. సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్లో ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలి. ఆ షరతు పిన్నిది. "ఫోనులో అయితే అది మూతి ముడుచుకుని మాట్లాడినా నాకు తెలీదు. మొహం చూపిస్తేనే మాట్లాడతాను" అందట.

అత్తగారు మధ్యాహ్నం నుంచే కుదురుగా కూర్చోలేదు. మంచి చీర కట్టుకుంది. కంప్యూటరు ముందు కూర్చుని వెనక ఏమేం కనబడతాయో తల తిప్పి చూసుకుంది.

"ఆ అలమర మీద దుమ్ము చూడవే పండితమ్మా. అది ముందు దుమ్మే చూస్తుంది. నా మొహం తర్వాత చూస్తుంది."

పండితమ్మ గుడ్డ పట్టుకుని అలమర మీద పడింది. అక్కడే ఇంటర్నెట్టు పెట్టె ఉంది. దాని వెనక తీగలన్నీ ఊడదీసి, పెట్టెను తళతళలాడేలా తుడిచి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసింది. గోడలోంచి వచ్చే తీగ పసుపు రంగుది. పెట్టెకు వెనక పసుపు రంగు కన్నాలు వరసగా ఉన్నాయి. రంగుకు రంగు కలిపి గట్టిగా గుచ్చింది. ఆ పొందిక చూసి ముచ్చటపడింది కూడా.

తర్వాత కంప్యూటరు తెరిస్తే నెట్ రాలేదు.

ఆపి, మళ్ళీ పెట్టింది. రాలేదు. ఇంకోసారి ఆపి, కాసేపు దానికి విశ్రాంతి ఇచ్చి పెట్టింది. తెర మీద బూడిద రంగు బొమ్మ ఒకటి ఆమెకేసి చూస్తూ కూర్చుంది. సెల్ ఫోనులో ప్రయత్నిద్దామంటే, ఆ ఇంట్లో సిగ్నలు మాటలకు సరిపోతుంది గానీ మొహాలకు చాలదు. భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, నెట్ రావడం లేదు."

"ఆపి ఆన్ చెయ్యి."

"చేశాను."

"మళ్ళీ చెయ్యి."

"మళ్ళీ కూడా చేశానండీ."

అవతల ఎవరికో చత్వారపు అద్దాలు సర్దుతున్నట్టుంది, ఆయన ధ్యాసంతా అటే ఉంది. "ఆ పెట్టెతో పాటు పుస్తకం ఇచ్చారుగా. అందులో అన్నీ ఉంటాయి, చూసి చెయ్యి" అని పెట్టేశాడు.

ఆ పుస్తకం పండితమ్మే రాసింది.

సొరుగులోంచి దాన్ని తీస్తుంటే ఆమెకు లోలోపల సంబరంగానే ఉంది. రాసిన ఇన్నేళ్ళకు తన పుస్తకానికి పని పడింది. కళ్ళజోడు పెట్టుకున్న అత్తగారి చేతికిచ్చి, "మీరు చదువుతూ ఉండండి, నేను చేస్తాను" అంటూ అలమర దగ్గర నిలబడింది.

అత్తగారు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "'అనుసంధాన వైఫల్య నివారణోపాయములు.' ఇది మన పెట్టెదేనా?"

"మనదే. కింద చదవండి."

"'తొలుత, భిత్తి నుండి వెలువడు తీగ తన స్థానమున దృఢముగా ఆసీనమై ఉన్నదని ధ్రువీకరించుకొనవలెను.'" అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసింది. "తీగ కూర్చోవడమేమిటే?"

"ఆసీనమై అంటే... గట్టిగా బిగిసి ఉందా అని అత్తయ్యా."

"బిగిసి ఉందా అనొచ్చుగా మరి?"

పండితమ్మ తీగను లాగి చూసింది. అది పసుపు కన్నంలో కదలకుండా బిగిసి ఉంది. "ఆసీనమైంది, తర్వాత" అంది.

"'సూచక దీపిక నిమీలనోన్మీలనములు గావించుచున్న యెడల, సూక్ష్మ శలాకతో పునరుజ్జీవన గుళికను పీడించవలెను.'" అత్తగారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "గుళికంటే మందుబిళ్ళ కదే! ఎవరు మింగాలి?"

"మింగడం కాదు, నొక్కడం. చిన్న మీట ఉంటుంది."

"ఎక్కడ?"

ఎక్కడో పండితమ్మకు తెలియదు. తను రాసిన దాంట్లోనే ఉండాలి. పుస్తకం తీసుకుని ఆ పేజీ చదివింది. మళ్ళీ చదివింది. మొదటిసారి గర్వంగా, రెండోసారి నెమ్మదిగా, మూడోసారి బడిలో పాఠం ఒప్పజెప్పలేని పిల్లలా చదివింది. 'విశాలజాల ద్వారమునకును స్థానికజాల ద్వారమునకును గల అంతరమును విస్మరింపరాదు' అని ఒకచోట ఉంది. ఆ అంతరమేమిటో తను నిక్షేపంలా విస్మరించింది. రాసేటప్పుడు తెలిసి రాసిందా అని కూడా అనుమానం వచ్చింది.

గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "రాకపోతే అదేమనుకుంటుందో తెలుసా? చివరి నిమిషంలో మొహం చాటేశాననుకుంటుంది. ఇక జన్మలో మాట్లాడదు."

"కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తాను అత్తయ్యా, మీరు కంగారుపడకండి" అంది పండితమ్మ. పుస్తకం అత్తగారి దగ్గరే వదిలి, ఫోను పట్టుకుని పడగ్గదిలోకి పోయింది. అవతల చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. గొంతు లేతగా, భయం భయంగా ఉంది.

"మీ సమస్య అర్థమైంది మేడమ్. నేను చెప్పినట్టు చెయ్యండి. భిత్తి నుండి వెలువడు తీగ తన స్థానమున దృఢముగా ఆసీనమై ఉన్నదా అండి?"

పండితమ్మ మంచం మీద కూలబడింది. "అమ్మా, ఆ పుస్తకం నా దగ్గరా ఉంది. మామూలు మాటల్లో చెప్పు తల్లీ."

"కుదరదు మేడమ్. మా మాటలన్నీ రికార్డవుతాయి. ఉన్నది ఉన్నట్టు చదవాలి." కాగితాలు తిప్పిన చప్పుడైంది. "ఆ తీగ విశాలజాల ద్వారమునందు ఉన్నదా అండి?"

"విశాలంగా ఏమీ లేదమ్మా, కన్నాలన్నీ ఒకటే సైజు. విశాలజాల ద్వారమంటే ఏది?"

అవతల కాగితాలు మళ్ళీ తిరిగాయి. "అది... స్థానికజాల ద్వారం కానిది మేడమ్."

"మరి స్థానికజాల ద్వారమంటే?"

"విశాలజాల ద్వారం కానిది అని ఇచ్చారు మేడమ్." అమ్మాయి గొంతు ఏడుపులోకి దిగింది. "నేను చేరి కొద్ది రోజులే అయింది. ఆ పెట్టె నేనెప్పుడూ చూడలేదు. ఈ పుస్తకమే నేర్చుకోమన్నారు. రాత్రిళ్ళు బట్టీ పడుతున్నాను, ఎక్కడం లేదు. మా వాళ్ళందరూ ఈ రాసినాయన్ని తిట్టుకుంటూనే చదువుతారు."

"ఆయనెవరు?"

"ఎవరో పెద్దాయన అయ్యుంటారు మేడమ్. ఈ కాలం వాళ్ళు ఇలా రాయరు కదా. పాపం, ఈపాటికి పోయి కూడా ఉంటారు."

పోయినవాళ్ళ మీద జాలి చూపించే ఆ పిల్లకు ఏం చెప్పాలి? నేనేనమ్మా అంటే ఆ మాట రికార్డవుతుంది. "బతికే ఉండి ఉంటార్లేమ్మా" అని మాత్రం అనగలిగింది పండితమ్మ.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. నాలుగు కొట్టింది. కోడలు వచ్చేదాకా ఆగలేక ఆవిడ తన బటన్ల ఫోనులో చెల్లెలికి చేసేసింది.

పండితమ్మ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. అత్తగారు ఫోనును చెవికి అదిమి పట్టుకుని, మంచి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. అవతలి గొంతు గది అంతటికీ వినిపించేంత గట్టిగా ఉంది.

"ఏమిటి, నా మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేదా నీకు?"

"అది కాదే! మొహం సంగతి కాదు. ఇక్కడ..." అత్తగారికి మాట దొరకలేదు. ఒళ్ళో ఉన్న పుస్తకం మీద కన్ను పడింది. "ఇక్కడ తీగ ఆసీనమవలేదు."

"ఏమవలేదూ?"

"ఆసీనమవలేదే. ఒట్టు. కావాలంటే విను, నాకు నోటికి రాదు, చదువుతాను." అత్తగారు పుస్తకం ఎత్తి, బడిలో చదివినట్టు చదవసాగింది. భిత్తి అయింది. సూచక దీపిక అయింది. నిమీలనోన్మీలనముల దగ్గర నాలుక మడతపడి, రెండుసార్లు ఆగి మళ్ళీ ఎత్తుకుంది. గుళికను పీడించవలెను అనేసరికి ఫోనులోంచి కుయ్‌మని ఒక చప్పుడు వచ్చింది. ఏడుపో, దగ్గో పండితమ్మకు తెలియలేదు.

"ఏమైందే?" అంది అత్తగారు కంగారుగా.

"పీడించడమేమిటే తల్లీ, ఆ గుళిక ఏం పాపం చేసిందీ!" అంది చెల్లెలు. ఆ మాట పూర్తయ్యేలోపే పగలబడి నవ్వింది. అత్తగారు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత తనూ మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకా ఉంది, విను, సూక్ష్మ శలాకట!" అంటూ పేజీ తిప్పింది. ఇప్పుడు చెల్లెలు "చాల్లేవే" అంటుందేమోనని పండితమ్మ ఒక్క క్షణం భయపడింది. అవతలి నుంచి వచ్చింది "ఇంకోసారి చదువు, ఇంకోసారి చదువు" అన్న కేక.

"ఇంతకీ ఎవరు రాశారే ఈ గ్రంథం?"

"ఇంకెవరు, మా పండితమ్మే!" అంది అత్తగారు. ఆ గొంతులో వెటకారం లేదు. పుట్టింటి నగ చూపిస్తున్నట్టుంది. "కూర్చున్న చోటు నుంచి లేవకుండా రాసింది. ఎంత కష్టమో చూడు, మనకొక్క ముక్క అర్థం కాదు."

ఆ మెచ్చుకోలు పండితమ్మ వీపు మీద చరిచినట్టు తగిలింది. ఇంతవరకూ తన రాతకు అంత నిజాయితీగా ఎవరూ విలువ కట్టలేదు. చేతిలో ఫోను "మేడమ్, ఉన్నారా మేడమ్" అంటోంది.

"ఉన్నానమ్మా. ఒక్క నిమిషం ఆగు."

ఆమెకు అప్పుడు తట్టింది. మూలం కంప్యూటర్లోనే ఉంది. నెట్ లేకపోయినా తను పనిచేసిన ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. నవ్వుతూ ఊగిపోతున్న అత్తగారి పక్కనుంచి వెళ్ళి బల్ల ముందు కూర్చుని పాత ఫైలు తెరిచింది. ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క తన తెలుగు. కుడిపక్కకు చూసే ధైర్యం లేక ఎడమపక్కే చదివింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు రాసిపెట్టారు: గోడలోంచి వచ్చే తీగ ఏ రంగుదైనా సరే, నీలం కన్నంలోనే పెట్టండి.

నీలం! ఆ మాట తనే తీసేసింది. అది కూడా బాగా గుర్తొచ్చింది. విశాలజాల ద్వారమనే నిండైన మాట ఉండగా మళ్ళీ రంగులెందుకు, ఇదేమైనా బొమ్మల పుస్తకమా అనుకుంది. పుట్టి పెరిగిన భాషలో తను రాసింది తనకు తెలియలేదు. పరాయి భాషలో ఎవరో రాసింది ఇట్టే అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలుతుండగా లేచి అలమర దగ్గరికి వెళ్ళింది. పెట్టె వెనక ఓ మూలగా, మిగతావాటికి దూరంగా, నీలం కన్నం ఒకటి ఖాళీగా ఉంది. పసుపు తీగను అందులోకి మార్చింది. దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి.

"వచ్చిందమ్మా" అంది ఫోనులో. "గోడ తీగను నీలం కన్నంలో పెట్టాలట. రాసుకో."

"నీలం కన్నం" అని అమ్మాయి మెల్లగా, అపురూపంగా పలికింది. "ఇంతేనా మేడమ్? ఇది ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేదమ్మా. ఉండాల్సింది" అని ఫోను పెట్టేసింది.

తెర మీద చిన్నత్తయ్య మొహం ప్రత్యక్షమయ్యేసరికి అక్కచెల్లెళ్ళిద్దరికీ నవ్వి నవ్వి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. "ముసలిదానివైపోయావే" అంది చెల్లెలు. "నువ్వేమో పడుచుదానివి" అంది అక్క. పెళ్ళి గురించీ పాట గురించీ ఇద్దరూ మాట ఎత్తలేదు. అలమర మీద దుమ్ము లేకపోవడాన్ని చిన్నత్తయ్య చూడనే లేదు.

రాత్రి భర్త ఇంటికొచ్చి, "పుస్తకం చూశావా, అందులో ఉందా?" అని అడిగాడు.

"ఉంది. తవ్వి తీశాను" అంది పండితమ్మ.

మర్నాడు ఆమె కంపెనీకి ఉత్తరం రాసింది. ఆ పుస్తకాన్ని మళ్ళీ రాసిస్తానని, దానికి ఏమీ ఇవ్వక్కర్లేదని. వాళ్ళు సరేనన్నాక కుర్చీలో కూర్చుంది గానీ పని ముందుకు సాగలేదు. నొక్కండి అని రాయడానికి చెయ్యి రాలేదు. మరీ ఇంత తేలిగ్గా ఉంటే అనువాదకురాలు ఎందుకనుకుంటారేమో అనిపించింది. 'మెత్తగా అదమండి' అని రాసి అత్తగారికి వినిపించింది. అత్తగారు తెరలో ఉన్న చెల్లెలివైపు చూసింది. చెల్లెలు పెదవి విరిచింది.

"కాళ్ళు పట్టమంటున్నావా, మీట నొక్కమంటున్నావా?" అంది చిన్నత్తయ్య.

అప్పటినుంచి ప్రతి వాక్యమూ ఆ ఇద్దరి ముందుకే వెళ్ళింది. ఒకావిడ చదివేది, రెండో ఆవిడ తన ఇంట్లో పెట్టె దగ్గరికెళ్ళి అచ్చంగా చదివినట్టే చేసి చూపించేది. 'తీగను పూర్తిగా తీసేయండి' అంటే చిన్నత్తయ్య పూర్తిగానే తీసేసింది, తెరలోంచి మాయమైంది. ఆవిడను మళ్ళీ రప్పించడానికి ఫోనులో సాయంత్రం దాకా పట్టింది. ఆ వాక్యం కింద 'మళ్ళీ పెట్టండి' అని చేర్చాలని పండితమ్మకు అప్పుడు తెలిసింది.

కొత్త పుస్తకం పంపిన కొన్నాళ్ళకు కంపెనీ భాషా పర్యవేక్షకుడు దాన్ని ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపాడు. 'కన్నం' అనే మాట సభ్యంగా లేదన్నాడు. 'బిగిసి' చోట 'ఆసీనమై' అనే ఉండాలన్నాడు. కంపెనీ ఆమోదించిన పదకోశంలో అలాగే ఉందట. ఆ పదకోశం కూర్చింది ఎవరా అని చివరి పేజీ తిప్పి చూసుకుంటే, అక్కడా తన పేరే. పదాల ఎంపికలో తను చూపిన నిష్ఠను మెచ్చుకుంటూ ఓ వాక్యం కూడా ఉంది.

తనతో తను పోట్లాడి గెలవడం ఎంత కష్టమో పండితమ్మకు ఆ నెలలో తెలిసొచ్చింది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఆ పదకోశం కూర్చినావిడకు అప్పట్లో లోకజ్ఞానం తక్కువని, ఆవిడ మాట పట్టించుకోవద్దని వాదించింది. పర్యవేక్షకుడు నొచ్చుకున్నాడు. ఆవిడ చాలా పెద్ద పండితురాలని, ఆవిడ గురించి అలా మాట్లాడొద్దని జవాబు రాశాడు. ఆవిడా ఈవిడా తానేనని ఆయనకు తెలియజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి 'బిగిసి' గెలిచింది. నీలం రంగు తిరిగొచ్చింది. 'కన్నం' మాత్రం ఓడిపోయి 'రంధ్రం' అయింది. నిమీలనోన్మీలనములు ఎవరూ చెప్పకుండానే పోయాయి. వాటిని కొట్టేసేటప్పుడు ఆమెకు కొంచెం బాధ వేసిన మాట నిజం.

ఇక ఇంట్లో ఆమెకు కంప్యూటరు దొరకడం గగనమైపోయింది. నాలుగు కొట్టకముందే అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. తెరలో చిన్నత్తయ్య కాళ్ళు చాపుకుని ఉంటుంది. పండితమ్మ ప్రెషరు కుక్కరు పుస్తకం కాగితాలు పట్టుకుని వెనక నిలబడి, "అత్తయ్యా, నాకు అర్జెంటు పనుంది" అంటే, ఆవిడ వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపుతుంది.

"కాసేపు ఆసీనురాలవు కావే."

తెరలో చిన్నత్తయ్య నవ్వుతుంది. పండితమ్మ నిఘంటువుల మీదే చతికిలబడి, ఆవిరి పోయే దారిని ఏమనాలా అని ఆలోచిస్తూ, తన వంతు కోసం చూస్తూ ఉంటుంది.